తొలి నవలకు తోడెవరు?

(ఎమ్మిగనూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆ పెద్దాయన పేరు ఆహ్వానపత్రంలో లేదు. తన పేరున సభలూ బహుమతులూ పెట్టవద్దని ఆయన ఇంట్లో చెప్పి వెళ్లారట. కుటుంబసభ్యులు ఆ మాటను మన్నించి, పేరు లేకుండానే ఈ సభ జరపడానికి ఒప్పుకున్నారు. అచ్చులోనూ నేను ఆ మాటకే కట్టుబడుతున్నాను. ఈ హాల్లో కూర్చున్నవారిలో చాలామందికి ఆయన తెలుగు చెప్పిన పంతులుగారు. గ్రంథాలయంలో కొత్త పుస్తకాల కట్ట విప్పే రోజున ముందు వరసలో నిలబడే పాఠకుడిగా మరికొందరికి తెలుసు. ఆయన ఒక నవల రాశారనీ, అది అచ్చు కాలేదనీ తెలిసినవారు తక్కువ. ఆ రాతప్రతిని నెల రోజుల పాటు నా దగ్గర ఉంచుకొని చదివే అవకాశం ఆ కుటుంబం నాకు ఇచ్చింది. నేటి ఉపన్యాసానికి విషయం అక్కడే దొరికింది: ఒక కొత్త రచయిత మొదటి నవల పుస్తకం కావడానికి మన భాషలో ఏం జరగాలి, ఎవరు పూనుకోవాలి?

నవల రాయడం ఒంటరి పని. అది పుస్తకమై పాఠకుడి చేతికి చేరడం మాత్రం ఏ కాలంలోనూ ఒంటరిగా జరగలేదు. రాతప్రతిని అందుకున్నవారు, చదివి సరిచేసినవారు, డబ్బు పెట్టినవారు, ఊరూరా చేర్చినవారు ప్రతి తరంలోనూ ఉన్నారు. మన సాహిత్య చరిత్రలు రచయితల పేర్లను భద్రంగా దాచాయి, ఈ మధ్యవారిని వదిలేశాయి. అలా వదిలేయడం వల్ల ఒక అపోహ స్థిరపడింది. పుస్తకం వేయించుకోవడం రచయిత సొంత వ్యవహారమనీ, ఆ ఖర్చూ ఆ తిరుగుడూ ఆయన పాట్లేననీ మనం నమ్ముతున్నాం. ఆ నమ్మకం తప్పని, దానివల్ల ఈ పడమటి సీమ వంటి ప్రాంతాలు తమ నవలలను పోగొట్టుకున్నాయని నేను ఈ రోజు మనవి చేయదలచుకున్నాను.

తెలుగు నవల పుట్టుక గురించి చెప్పుకునేటప్పుడు మనం సాధారణంగా రాజమహేంద్రవరం నుంచి మొదలుపెడతాం. కర్నూలు నుంచి మొదలుపెట్టడానికీ తగిన కారణం ఉంది. 1872లో ‘శ్రీరంగరాజ చరిత్ర’ను వెలువరించిన నరహరి గోపాలకృష్ణమ శెట్టి డిప్యూటీ కలెక్టరుగా పనిచేశారు. 1886లో అచ్చయిన కర్నూలు జిల్లా మాన్యువల్‌ను కూర్చినవారూ ఆయనే. నేలల రకాలూ శిస్తు లెక్కలూ రాసిన చేయే ‘శ్రీరంగరాజ చరిత్ర’లో లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయి కథనూ రాసింది. వంగదేశ ప్రజల ఆచార వ్యవహారాలను చూపే కథాగ్రంథానికి బహుమతి ఇస్తామన్న లార్డ్ మేయో కాలపు ప్రకటన ఆయనకు ప్రేరణ. దాన్ని ఆయన తెలుగువారి జీవితానికి అన్వయించుకున్నారు. మొదటి తెలుగు నవల ఏది అన్న వాదంలోకి నేను వెళ్లను. విమర్శకులు ఆ వాదాన్ని చాలా దూరం నడిపారు. నాకు ముఖ్యమైనది ఒకటే. తెలుగులో నవల వంటి రచన తొలిసారి తల ఎత్తినప్పుడే దాని వెనక ఒక పిలుపు ఉంది. ఎవరో అడిగారు, అడిగారు గనుక ఒకరు రాశారు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారి సంగతి వేరు. ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో భాగాలుగా మొదలై 1880లో పుస్తకమైంది. 1887 నాటికి హచిన్‌సన్ ఇంగ్లీషు అనువాదం కూడా వచ్చింది. ఆయన చేతిలో పత్రిక ఉంది, అచ్చుకూటం ఉంది, చదివే చందాదారులున్నారు. రచయిత, సంపాదకుడు, ముద్రాపకుడు, ప్రచురణకర్త ఒక్కరే అయిన ఆ సందర్భాన్ని మనం అపురూపమైన మినహాయింపుగా చూడవలసింది. చూడలేదు. దాన్నే ఆదర్శంగా నిలుపుకున్నాం. పంతులుగారు తన పుస్తకాన్ని తానే అచ్చు వేసుకున్నారు గనుక ప్రతి రచయితా వేసుకోవచ్చునన్న భావన అక్కడే నాటుకుందని నా అభిప్రాయం. అచ్చుకూటం ఉన్న సంస్కర్తకు సాధ్యమైనది నెల జీతం మీద బతికే బడిపంతులుకు ఎలా సాధ్యమవుతుంది?

ఆ తర్వాతి కాలంలో పోటీలు వచ్చాయి. న్యాపతి సుబ్బారావు పంతులుగారు ‘చింతామణి’ పత్రిక ద్వారా నవలల పోటీలు నడిపారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘రామచంద్ర విజయం’ ఆ పోటీ వల్లే 1894లో వెలుగు చూసింది. నలభై ఏళ్ల తర్వాత ఆంధ్ర విశ్వకళా పరిషత్తు పెట్టిన పోటీలో విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతిని పంచుకున్నాయి. 1934 నాటి ఆ బహుమతి లేకపోయినా ఆ ఇద్దరూ నవలలు రాసేవారే. కానీ అంత పెద్ద రచనకు పూనుకోవడానికి ఒక గడువూ, చదివి తీర్పు చెప్పే పరీక్షకులూ, వెనక ఒక విశ్వవిద్యాలయం పేరూ అవసరమయ్యాయన్నది చరిత్ర చెబుతున్న మాట.

ఇవన్నీ గోదావరి, కృష్ణా తీరాల్లోనో, విశాఖలోనో, చెన్నపట్నంలోనో జరిగాయి. ఆదోని తాలూకా అప్పుడు బళ్లారి జిల్లాలో భాగం. మన ఊరు కూడా అందులోదే. బళ్లారి ఆ రోజుల్లో తెలుగు నాటకానికి పుట్టినిల్లు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు అక్కడ నాటకాలు రాశారు. బళ్లారి రాఘవ ఆ రంగస్థలం మీదే నటుడిగా ఎదిగారు. ఆదోని వకీళ్లకు, వ్యాపారులకు, ఉపాధ్యాయులకు సాహిత్యమంటే బళ్లారి వైపు చూడటమే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్ర రాష్ట్రంలో చేరాయి, బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. రాజకీయంగా అది తీరిన కోరిక. సాహిత్య జీవితానికి మాత్రం ఒక కొమ్మ విరిగింది. అటు బళ్లారి చేయి వదిలింది, ఇటు విజయవాడ చేయి అందలేదు. కర్నూలు మూడేళ్ల పాటు రాజధానిగా ఉన్నా ప్రచురణ కేంద్రం కాలేదు. రాతప్రతి చేతిలో ఉన్న మనిషి రాయచూరు మీదుగా హైదరాబాదుకో, గుంతకల్లు మీదుగా చెన్నపట్నానికో బెజవాడకో రైలెక్కాలి. లేదా పోస్టాఫీసుకు వెళ్లాలి.

ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ పంతులుగారు పోస్టాఫీసుకు వెళ్లారు.

ఆ రాతప్రతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. రూళ్లు లేని తెల్ల కాగితాలు, ఒక వైపే రాత, ఎడమ పక్క రెండు వేళ్ల జాగా. పత్రికలు అలాగే పంపమనేవి. కాగితాలను కట్టింది మగ్గం మీది నూలుతో. ఆ దారం ఇప్పటికీ పట్టు తప్పలేదు. రాతప్రతులు పోతే తమ పూచీ లేదని పత్రికలు ముందే ప్రకటించేవి గనుక నకలు ఉంచుకోక తప్పదు. మూడు వందల పైచిలుకు పుటల నకలు. ఆ నకలులోని అక్షరాలు పంతులుగారివి కావు, ఆయన భార్యవి. మొదటి అధ్యాయంలో అక్షరం కుదురుగా, గుండ్రంగా ఉంటుంది. పోనుపోను వాలుతుంది. ఒకచోట పుట మధ్యలో సిరా రంగు మారుతుంది. ఇంటి పనంతా ముగిశాక దీపం ముందు కూర్చొని రాసిన అక్షరాలవి. తెలుగు నవల చరిత్రలో ఇలాంటి లేఖకులు ఎంతమంది ఉన్నారో, ఎవరి పేరూ ఏ ముందుమాటలోనూ లేదు.

కట్ట అడుగున కవర్లున్నాయి. తిరుగు టపాకు స్టాంపులు అంటించి, సొంత చిరునామా రాసి పంపిన కవర్లు అవే. వెళ్లినవి వెళ్లినట్టే తిరిగి వచ్చాయి. ఒకదానిలో అచ్చు వేసిన చీటీ, ప్రచురించలేకపోతున్నందుకు విచారిస్తున్నామని. ఒకదానిలో మాత్రం సంపాదకుడెవరో సొంత చేతిరాతతో నాలుగు వాక్యాలు రాశారు: కథ బాగుందనీ, భాష మాత్రం అందరికీ అర్థం కాదనీ, సంభాషణలను మార్చి మళ్లీ పంపమనీ. పంతులుగారి నవలలో మనుషులు ఇక్కడి మనుషుల్లాగే మాట్లాడతారు. తుంగభద్రకు ఈవలి తెలుగు, ఒక కాలు కన్నడంలో పెట్టి నడిచే తెలుగు అది. ఆయన మొదటి అధ్యాయంలో సంభాషణలు మార్చడం మొదలుపెట్టి, ఆరు పుటల తర్వాత ఆపేశారు. కొట్టివేతల మీద మళ్లీ పాత మాటలే రాసుకున్నారు. ఆ తర్వాత ఆ నవల ఎక్కడికీ వెళ్లలేదు.

నేను ఆ సంపాదకుణ్ణి నిందించడం లేదు. ఆయన చదివారు. చదివి నాలుగు వాక్యాలు రాశారు. ఈ రోజు ఆపాటి చేసేవారు ఎవరున్నారో ఆలోచించండి. కానీ ఆ నాలుగు వాక్యాల తర్వాత ఒక మనిషి పంతులుగారి పక్కన కూర్చొని, ఈ భాష ఇలాగే ఉండనివ్వండి, మూడో భాగంలో సాగదీత తగ్గించండి అని చెప్పి ఉంటే ఆ నవల నిలిచేది. నిజంగానే మూడో భాగం సాగుతుంది. కోర్టు వ్యవహారం పునరుక్తులతో నిండి ఉంది. చనిపోయిన పెద్దాయన నవలను పొగడటానికి నేను ఇక్కడికి రాలేదు. అది మంచి పరిష్కర్త చేతిలో పడవలసిన నవల. ఆయనకు దొరకనిది ప్రతిభ కాదు, పరిష్కర్త.

పంతులుగారు కవర్లు పంపిన కాలమే తెలుగు నవలకు ఎక్కువమంది పాఠకులున్న కాలం. ఇది గమనించదగిన విషయం. వారపత్రికలు, మాసపత్రికలు సీరియళ్ల మీద నడిచాయి. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ‘జ్యోతి’ మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, ఎన్ని ముద్రణలు పొందిందో అందరికీ తెలుసు. ఎమెస్కో వారు పాకెట్ పుస్తకాలు తెచ్చి, ‘ఇంటింటా గ్రంథాలయం’ పథకంతో నవలను తపాలాలో నేరుగా ఇంటికి పంపారు. బస్టాండు పక్కన అద్దె పుస్తకాల బంకులు వెలిశాయి. 1978లో మొదలైన ‘చతుర’ నెలకొక పూర్తి నవల ఇచ్చింది. ఏ సాహిత్య మండలిలోనూ సభ్యత్వం లేని, ఏ పండితుడి సిఫారసూ లేని గృహిణులు, గుమస్తాలు, బడిపంతుళ్లు నవలా రచయితలయ్యారు. ఆ యుగాన్ని చిన్నచూపు చూడటం మన విమర్శకు అలవాటైంది. నేను దానితో ఏకీభవించను. తొలి నవల రాసినవారికి తలుపు అంత బార్లా తీసి ఉంచిన కాలం మన భాషలో మరొకటి లేదు.

ఆ తలుపు ఎత్తు మాత్రం ఒక కొలతకే ఉండేది. వారం వారం ఉత్కంఠ నిలవాలి, భాష కోస్తా చదువరికి అలవాటైనదై ఉండాలి. ఆ కొలతకు ఒదిగినవారు లోపలికి వెళ్లారు. ఒదగనివారికి వేరే తలుపు లేదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ 1946-47లో ‘నవోదయ’ పత్రికలో వచ్చినా పుస్తకం కావడానికి 1952 దాకా ఆగవలసి వచ్చింది. ఈ రోజు తెలుగులో గొప్ప నవలలు లెక్కపెట్టేవారెవరూ దాన్ని విడిచిపెట్టరు. అంతటి రచనకే అన్నేళ్ల నిరీక్షణ అయితే, ఊరూ పేరూ తెలియని మన ప్రాంతపు రచయితకు ఎంత?

ఆ పత్రికల యుగం మన కళ్ల ముందే ముగిసింది. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు స్థాపించిన ‘భారతి’ 1991లో ఆగిపోయింది. ‘ఆంధ్రపత్రిక’ వెళ్లింది. కరోనా కాలంలో ‘నవ్య’ వారపత్రిక, ‘చతుర’, ‘విపుల’ అచ్చు ఆగిపోయాయి. పారితోషికం ఇచ్చి కొత్త రచయిత నవలను వేసే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా మిగిలాయి.

సరిగ్గా ఈ కాలంలోనే అచ్చు వేయడం మునుపెన్నడూ లేనంత సులభమైంది. సీసపు అక్షరాలు పోయి డీటీపీ వచ్చింది, అక్కడి నుంచి కావలసినన్ని కాపీలే వేసే డిజిటల్ ముద్రణ వచ్చింది. ఐఎస్‌బీఎన్ సంఖ్య రుసుము లేకుండానే దొరుకుతుంది. ఆదోనిలో కూర్చున్న కుర్రవాడు ఫోనులోనే నవల టైపు చేసి పీడీఎఫ్ పంపిస్తే పుస్తకాల కట్టలు ఇంటికొస్తాయి. దీన్ని చూసి, ఇక రచయితకు అడ్డేముంది అంటారు. ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆ కట్టలు ఇంటికొచ్చిన రోజు నుంచి ఏమవుతుందో చూడాలి.

ఈ తాలూకాలో నాకు తెలిసిన ఒక యువ రచయిత ఇంట్లో ఆ కట్టలు మంచం కింద ఉన్నాయి. డెమ్మీ సైజు, పదమూడు ఫారాలు, ఐదు వందల ప్రతులు. డబ్బు బంగారం కుదువ పెట్టి తెచ్చినది. ఆవిష్కరణ సభ జరిగింది, శాలువాలు కప్పారు, వక్తలందరికీ ఉచిత ప్రతులు వెళ్లాయి. సమీక్ష కోసం పత్రికలకు రెండేసి ప్రతులు పోస్టు చేశారు. నగరంలోని ఒక విక్రేత కొన్ని ప్రతులు ఉంచుకున్నాడు, అమ్మితే లెక్క చూస్తానన్నాడు. వెల రెండు వందలు అనుకుందాం. అమ్మిన ప్రతి మీద సగానికి దగ్గరగా కమిషను. అచ్చు ఖర్చు, బస్సు పార్శిలు ఖర్చు తీసేస్తే రచయితకు మిగిలేది ఏమీ లేదు, ఉంటే అది అప్పు. ఈ లెక్కకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. ఆ నవలను అచ్చుకు ముందు పూర్తిగా చదివినవారు ఇద్దరే. రాసినవాడు, డీటీపీ చేసిన అమ్మాయి. కోసిగి నుంచి గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోయే కుటుంబం కథ అది. ఊరు ఖాళీ అయ్యాక ముసలివాళ్లు, బడి మానిన పిల్లలు మిగిలిన వీధిని ఆ అబ్బాయి రాసిన తీరు తెలుగులో నేను ఇంకెక్కడా చదవలేదు. పక్క పుటలోనే సినిమా ఫక్కీ ప్రేమ సన్నివేశం ఒకటి ఉంది. తీసేయమని చెప్పే మనిషి లేకపోయాడు, అంతే. పంతులుగారి రాతప్రతి అచ్చు కాక పోయింది, ఈ అబ్బాయి పుస్తకం అచ్చయి పోయింది. రెంటికీ కారణం ఒకటే.

ఇటీవలి మంచి ప్రయత్నాలను కాదనడానికి వీల్లేదు. సముద్రాల అవతలి తెలుగువారు నవలల పోటీలను మళ్లీ నిలబెట్టారు. అనంతపురం వాసి చిలుకూరి దేవపుత్ర ‘పంచమం’ ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) బహుమతి ద్వారానే అందరి దృష్టికీ వచ్చింది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ 2017లో ఆ పోటీలో నెగ్గి, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. కడప జిల్లా గొర్రెల కాపరుల జీవితం మీద సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ‘కొండపొలం’ 2019లో బహుమతి గెలిచి సినిమా కూడా అయింది. రాయలసీమ భాషలో, రాయలసీమ బతుకు మీద రాసిన నవలలకు అమెరికా నుంచి పిలుపు రావడం 1872 నాటి పిలుపును గుర్తుచేస్తుంది. హైదరాబాదులో అన్వీక్షికి, ఛాయ వంటి కొత్త సంస్థలు కొత్త రచయితల పుస్తకాలు శ్రద్ధగా తెస్తున్నాయి. వీటన్నిటికీ కృతజ్ఞతలు. అయినా పోటీ ఒకరిని గెలిపిస్తుంది. ఓడినవారి రాతప్రతుల మీద ఏ పరిష్కర్తా కలం పెట్టడు. పైగా పైన చెప్పినవారిలో చివరి ఇద్దరూ బహుమతి నాటికే చేయి తిరిగిన రచయితలు. మొదటి నవల చేతపట్టుకొని నిలబడ్డ మనిషికి ఊళ్లోనే ఒక ఆసరా కావాలి.

అలాంటి ఆసరా ఎలా ఉంటుందో ప్రపంచమంతా వెతకనక్కర్లేదు. దాన్ని ఈ ఊరు చేసి చూపింది.

1938లో పద్మశ్రీ మాచాని సోమప్పగారు ఇక్కడ నేత కార్మికుల సహకార సంఘం స్థాపించారు. మీరు వై.డబ్ల్యు.సి.ఎస్. అని పిలుచుకునేది అదే. అంతకు ముందు నేతగాడి పరిస్థితి ఏమిటి? నూలు సావుకారిది, బట్ట సావుకారిది, బాకీ నేతగాడిది. నేయడం రాక ఎవరూ చెడలేదు. నూలు కొనేటప్పుడూ బట్ట అమ్మేటప్పుడూ ఒంటరిగా ఉండటం వల్ల చెడ్డారు. సంఘం వచ్చి చేసినది మగ్గం పని నేర్పడం కాదు. నూలు సమకూర్చింది, కూలి కట్టింది, నేసిన బట్ట నాణ్యం చూసింది, తన పేరు మీద దూరప్రాంతాల్లో అమ్మింది. ఎమ్మిగనూరు దుప్పటి అంటే ఒక గుర్తింపు వచ్చింది, ఆ గుర్తింపు ఏ ఒక్క నేతగాడిదీ కాదు. ఈ రోజు మన రచయిత సరిగ్గా 1937 నాటి నేతగాడి స్థితిలో ఉన్నాడు. పెట్టుబడి తనది, నష్టం తనది. సరుకు ఎవరి చేతికి పోతుందో తెలియదు.

పుస్తకాల రంగంలోనూ ఇది జరిగింది. 1945లో కేరళలోని కొట్టాయంలో పన్నెండుమంది రచయితలు నూట ఇరవై రూపాయల మూలధనంతో సాహిత్య ప్రవర్తక సహకార సంఘాన్ని పెట్టుకున్నారు. విమర్శకుడు ఎం.పి. పాల్, కథకుడు కారూర్ నీలకంఠ పిళ్లై అందులో ముందు నిలిచారు. వారి మొదటి పుస్తకం తకళి కథల సంపుటి. 1949లో నేషనల్ బుక్ స్టాల్‌ను కలుపుకొని కేరళ అంతటా అమ్మకం సాగించారు. రచయితకు ముప్పై శాతం రాయల్టీ ఇచ్చారు. మన రచయితలు ఆ అంకె వింటే నమ్మరు. మలయాళ నవలకు ఈ రోజు ఉన్న పాఠకలోకం గాలిలోంచి పుట్టలేదు. కష్టకాలంలో రచయితలు ఒకచోట చేరి, పుస్తకాన్ని తామే ఊరూరా చేర్చుకున్నందువల్ల అది బలపడింది. మనకు ఎనిమిది దశాబ్దాలు ఆలస్యమైంది.

నాకు ఎదురుగా కూర్చున్నవారి మనసులో సందేహం ఉందని తెలుసు. చేనేత సహకార వ్యవస్థ తర్వాతి రోజుల్లో ఎంత చితికిందో ఈ ఊరికి నేను చెప్పవలసిన పని లేదు. కొట్టాయం సంఘంలోనూ విభేదాలు వచ్చాయి. దాని అభివృద్ధికి పాటుపడిన డి.సి. కిళక్కేమురి బయటికి వచ్చి 1974లో సొంత ప్రచురణ సంస్థ పెట్టుకున్నారు. సహకారంలోకి రాజకీయం దూరుతుంది, కులం దూరుతుంది, నా వాడి పుస్తకం ముందు వేయాలన్న పట్టుదల దూరుతుంది. ఇవన్నీ నిజమే. అందుకే పెద్ద సంస్థ వద్దంటాను. భవనం వద్దు, అధ్యక్ష కార్యదర్శుల ఎన్నికలు వద్దు. ఈ ప్రాంతానికి ఏడాదికి ఒక్క తొలి నవల చాలు.

ఆచరణ గురించి రెండు మాటలు. ఎమ్మిగనూరు, ఆదోని, మంత్రాలయం, ఆలూరు నియోజకవర్గాల్లో ఉన్న బడులూ కళాశాలలూ తలచుకుంటే మూడు వందల మంది చందాదారులు దొరకడం కష్టం కాదు. చందా ముందే కడితే అచ్చు ఖర్చు అచ్చుకు ముందే వస్తుంది. రచయిత ఇంట్లో బంగారం ఇంట్లోనే ఉంటుంది. వచ్చిన రాతప్రతులను ముగ్గురు చదవాలి. ఒకరు నవలలు బాగా చదివినవారు, ఒకరు ఈ ప్రాంతపు మాట తెలిసినవారు, మూడోవారు సాహిత్యంతో సంబంధం లేని మామూలు పాఠకులు. ఎంపికైన రాతప్రతి మీద రచయితతో కూర్చొని ఆరు నెలలు పనిచేసే పరిష్కర్తకు తప్పకుండా డబ్బు ఇవ్వాలి. ఊరకే చేయించుకున్న పని ఊరకే పోతుంది. ఎంపిక కాని ప్రతి రాతప్రతికీ కారణం వివరిస్తూ ఉత్తరం వెళ్లాలి. పంతులుగారికి వచ్చిన నాలుగు వాక్యాలకన్నా అది పొడుగ్గా ఉండాలి.

గ్రంథాలయాలు కూడా కదలాలి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వెళ్తున్నది. పట్టణాలు, పంచాయతీలు వసూలు చేసిన ఆ మొత్తం జిల్లా గ్రంథాలయ సంస్థకు సకాలంలో చేరేలా అడగడం మన హక్కు. చేరిన డబ్బులో ఈ జిల్లా రచయిత మొదటి పుస్తకానికి ఒక వాటా ఉండాలని అడగడమూ హక్కే. కర్నూలు జిల్లా శాఖా గ్రంథాలయాలన్నీ ఒక్కో ప్రతి కొన్నా ఒక చిన్న నవల ఊపిరి పీల్చుకుంటుంది.

అమ్మకానికి చోటు మన దగ్గరే ఉంది. సంక్రాంతి వెళ్లగానే వచ్చే నీలకంఠేశ్వరస్వామి జాతరకు సుగ్గికి పోయినవారూ, బెంగళూరు కట్టడాల పనుల్లో ఉన్నవారూ, చదువులకు హైదరాబాదు చేరినవారూ ఊరికి వస్తారు. పశువుల సంత నుంచి గాజుల అంగళ్ల దాకా అన్నిటికీ అక్కడ జాగా దొరుకుతుంది. వచ్చే జాతర నాటికి ఒక బల్ల వేద్దాం. మూడు రాతప్రతులు ఇప్పటికే నా దృష్టిలో ఉన్నాయి, అందులో ఒకటి ఒక నేత ఇంటి ఆడపిల్ల రాసింది. రాతప్రతులు ఇవ్వదలచినవారు సభ ముగిశాక గ్రంథాలయ రిజిస్టరులో పేరు రాయండి. చందా ఇవ్వదలచినవారికి పక్కనే రసీదు పుస్తకం ఉంది. ఆ బల్ల మీద పెట్టే పుస్తకానికి వెల అచ్చు వేసి ఉంటుంది. మంత్రిగారు వచ్చినా, నేను వచ్చినా, ఆ వెల కట్టే తీసుకోవాలి.